విక్టోరియా కౌంటీలో నడిమి ఇంటి రాబడి

ప్రతి సంవత్సరం నవంబరు 16వ తేదీ దగ్గర పడగానే మన సభలలో ఒక మాట వినబడుతుంది. "నెలకు పది షిల్లింగుల జీతానికి వచ్చాము, ఈనాడు రెండున్నర లక్షల రాండ్ల రాబడికి చేరుకున్నాము" అని వేదిక మీది పెద్దలు అంటారు. చప్పట్లు మోగుతాయి. నేనూ ఎన్నో ఏళ్ళు చప్పట్లు కొట్టినదాన్నే.

పది షిల్లింగులు నిజమే. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరినప్పుడు గిర్మిట్ కాగితం మీద మగవాడికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులని వ్రాసి ఉన్నది. ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి, ఐదవ ఏట 14 అవుతుంది. రెండున్నర లక్షలూ నిజమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో భారతీయుల ఇళ్ళ సగటు వార్షిక రాబడి 251,541 రాండ్లు. కాని రెండు నిజాలను పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన మూడవ నిజం పుట్టదు. మొదటిది ఒక మనిషి నెల జీతం. రెండవది ఇంటిల్లిపాది ఏడాది రాబడి. మొదటిది చెరకు తోట కూలి రేటు. రెండవది డాక్టర్లు, వకీళ్ళు, పెద్ద కొట్ల యజమానులు, పని లేనివాళ్ళు అందరినీ కలిపి, దేశమంతటికీ తీసిన సగటు. 1961 ఫిబ్రవరిలో పౌను పోయి రాండు వచ్చినప్పుడు ఒక పౌనుకు రెండు రాండ్లు కట్టారు కాబట్టి, పది షిల్లింగులంటే సరిగ్గా ఒక్క రాండు. ఒక్క రాండు నుంచి రెండున్నర లక్షలు! వినడానికి బాగానే ఉంటుంది. నా తరగతిలో ఏ పిల్లవాడైనా ఇటువంటి లెక్క చేసి తెస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి ఉండేదాన్ని.

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న తరువాత, ఈ లెక్కను సరిగా చేయడానికి వీలుందా అని ఆలోచన పుట్టింది. దేశం సంగతి పెద్దది. మా తాత దిగిన చోటు, మా నాన్న పుట్టిన చోటు, నేను పుట్టిన చోటు ఒక్కటే: పాత నేటాల్ కాలనీలోని విక్టోరియా కౌంటీ. డర్బన్‌కు ఉత్తరాన ఉమ్‌గేనీ నది దాటినది మొదలు టుగేలా నది దాకా, సముద్రం ఒడ్డు వెంట చెరకు, లోపలి వైపు కొండలు. వెరులం, టోంగాట్, స్టాంగర్, మౌంట్ ఎడ్జ్‌కూంబ్ అన్నీ అందులోనివే. ఆ కౌంటీలో నడిమి ఇంటికి ఏ కాలంలో ఎంత రాబడి వచ్చింది? ఇదే ప్రశ్న. నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. మాటలలో తప్పులుంటే పాఠకులు మన్నించాలి, అంకెలలో తప్పులుంటే మన్నించనవసరం లేదు.

నడిమి ఇల్లు అంటే ఏమిటో ముందు చెప్పాలి. తెలుగు బడి పుస్తకాలలో దీనిని మధ్యగతం అంటారని మా సాయంకాలపు తరగతి పంతులుగారు చెప్పారు. బడిలో ఉదయం ప్రార్థనకు పిల్లలను పొట్టి నుంచి పొడుగు వరకు వరుసగా నిలబెడతాము. నలభై ఒక్క మంది ఉంటే ఇరవై ఒకటవ పిల్ల నడిమి పిల్ల. చివరి పిల్లవాడు తాటిచెట్టంత పొడుగున్నా ఆ పిల్ల ఎత్తు మారదు. సగటు మాత్రం మారిపోతుంది. అదే విధంగా ఇళ్ళను రాబడి చొప్పున వరుసలో పెట్టి, నడిమిన నిలిచిన ఇంటిని అడగాలి. ఎస్టేటు దొరగారి బంగళాను, నూరు కూలీ ఇళ్ళను కలిపి సగటు తీస్తే కూలీలందరూ ఒక మోస్తరుగా బ్రతికినట్లు కనిపిస్తుంది. నడిమి ఇల్లు అలా మోసపోదు. 2022–23లో ప్రభుత్వ గణాంక శాఖ దేశంలోని ఇళ్ళ రాబడి ఖర్చులను పరిశీలించినప్పుడు సగటు ఏడాదికి 204,359 రాండ్లని, మధ్యగతం 95,770 రాండ్లని తేలింది. అంటే సగం ఇళ్ళు సగటులో సగానికి కూడా చేరలేదన్నమాట. వేదిక మీద ఏ అంకె చెబుతామో దానిని బట్టి కథ మారుతుంది.

ఇక గిర్మిట్ కాలానికి వద్దాము. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు వచ్చినవారు 152,184 మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచి ఓడ ఎక్కారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల పేర్లు ఓడ జాబితాలలో వరుసగా కనబడతాయి. ఊరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఒంటి మీది మచ్చ అన్నీ వ్రాశారు. జీతమూ వ్రాశారు. అయితే మన లెక్కకు కావలసిన ఇల్లు అనే మాట మాత్రం అక్కడ లేదు.

ఇక్కడే మొదటి చిక్కు. ప్రతి నూరుగురు మగవారికి నలభై మంది ఆడవారు చొప్పున ఓడ ఎక్కించాలని నియమం. కాబట్టి బరాకులలో ఉన్నవారిలో చాలామంది ఒంటరి మగవారు. ఒక గదిలో నలుగురు మగవారు పడుకొని, ఒక పొయ్యి మీద వంతులవారీగా వండుకుంటే అది ఒక ఇల్లా, నాలుగు ఇళ్ళా? ఒక ఇల్లు అనుకుంటే నడిమి ఇంటి రాబడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. నాలుగు అనుకుంటే అట్టడుగుకు పడుతుంది. నేను పొయ్యిని లెక్కపెట్టకుండా మూటను లెక్కపెట్టాను. ఎవరి డబ్బు మూట వారిదైతే వారిది వేరే ఇల్లు. ఇది నా తీర్పు. వేరొకరు వేరొక విధంగా తీర్పు చెప్పవచ్చును, కాని ఏ విధంగా చెప్పారో ముందుగా చెప్పాలి.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గిర్మిట్‌లో ఉన్న ఇంటిని తీసుకుందాము. ఆడవారికి మగవారి జీతంలో సగం. మూడవ ఏట అతనికి 12, ఆమెకు 6, మొత్తం నెలకు 18 షిల్లింగులు. ఏడాదికి 216 షిల్లింగులు, అనగా 10 పౌన్ల 16 షిల్లింగులు. ఇది కాగితం మీది జీతం. జబ్బు చేసినా, ఏ కారణం చేతనైనా పనికి రాకపోయినా కోత ఉండేది. జీతాలు నెలల తరబడి ఇవ్వని ఎస్టేటులున్నాయని 1872లో కూలీల కమిషన్‌కు, 1885–87లో రాగ్ దొర కమిషన్‌కు ఫిర్యాదులు వెళ్ళాయి. కాబట్టి చేతికి వచ్చినది 216 కంటె తక్కువే. మరొక వైపు బియ్యం, పప్పు, ఉప్పు, ఉప్పుచేప, నూనె రేషనుగా వచ్చేవి. బరాకు గదికి అద్దె లేదు. వాటి వెల కూడా రాబడిలో కలపాలి. కలపకపోతే, గిర్మిట్ తీరి బయటకు వచ్చి నెలకు 30 షిల్లింగులు సంపాదించిన మనిషి మూడు రెట్లు బాగుపడినట్లు కనిపిస్తాడు. నిజానికి ఆ 30 లోనే అతడు బియ్యం కొనాలి, అద్దె కట్టాలి. మన సభలలో చెప్పే మెట్ల కథలో మొదటి మెట్టు చాలావరకు ఇటువంటి మాయ మెట్టే.

ఇక 3 పౌన్ల పన్ను. 1895 చట్టం ప్రకారం, గిర్మిట్ తీరినవారు తిరిగి భారతదేశానికి వెళ్ళాలి, లేక మళ్ళీ గిర్మిట్ కట్టుకోవాలి, లేక ఏటా 3 పౌన్లు చెల్లించాలి. 1903లో దానిని పిల్లలకు కూడా వర్తింపజేశారు. పదహారేళ్ళు దాటిన కొడుకు, పదమూడేళ్ళు దాటిన కూతురు కూడా కట్టాలి. లెక్క చూడండి. ఐదవ ఏటి జీతాలే, మొగుడికి 14, పెళ్ళానికి 7, ఆపైన కూడా వచ్చాయనుకుంటే ఏడాదికి 252 షిల్లింగులు. ఇద్దరి పన్ను 6 పౌన్లు, అంటే 120 షిల్లింగులు. దాదాపు సగం. ఇంట్లో ఎదిగిన కొడుకు, కూతురు ఉంటే పన్ను 12 పౌన్లు, 240 షిల్లింగులు. తల్లిదండ్రుల జీతం మొత్తం పన్నుకే సరి. నడిమి ఇంటి రాబడి గీతను కాగితం మీద గీస్తే, పన్ను కట్టక ముందు ఒక గీత, కట్టిన తరువాత ఒక గీత, రెండు గీయాలి. 1901 నుంచి 1914 వరకు ఆ రెండు గీతల మధ్య ఉన్న ఖాళీయే 1913 సమ్మె. ఆ అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనులలో మొదలైన సమ్మె నవంబరుకు మన చెరకు తోటలకు దిగింది. వెరులంలో, టోంగాటులో కూలీలు కత్తులు దింపారు. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో తుపాకులు పేలి మనవారు చనిపోయారు. 1914లో పన్ను రద్దయినది. మా తాత 1909లో పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడిగా వచ్చాడు. ఆయన ఐదేళ్ళు తీరినది సరిగ్గా ఆ సంవత్సరమే. ఆయన ఎప్పుడూ "నేను అదృష్టవంతుణ్ణి" అనేవాడట. చిన్నతనంలో నాకు అర్థం కాలేదు. లెక్క వేసిన తరువాత అర్థమైనది.

మరొక మాట. గిర్మిట్ తీరినవారిలో ఎంతోమంది తిరుగు ఓడ ఎక్కారు. ఎక్కినవారు మన కౌంటీ లెక్కలో నుంచి మాయమైపోతారు. నష్టపోయి పోయినవారున్నారు, మూట కట్టుకొని పోయినవారున్నారు. మిగిలినవారి మనుమలమే ఈ సంచిక చదువుతున్నాము. ఉండిపోయినవారి కథను అందరి కథగా చెప్పుకోవడం మనకు అలవాటైనది.

ఇప్పుడు నాకు కష్టంగా ఉన్న సంగతి చెప్పాలి. నేను ఈ లెక్క మొదలుపెట్టినప్పుడు విక్టోరియా కౌంటీ అంటే మనవాళ్ళే అనుకున్నాను. దొరలు కొద్దిమంది, మనం ఎక్కువమంది, అంతే. ఒక వారం పని చేసిన తరువాత గాని తట్టలేదు. లోపలి కొండలలో ఇనాండా, న్‌డ్వెడ్వే రిజర్వులు, ఉమ్వోటి మిషన్ రిజర్వు ఉన్నాయి కదా! కౌంటీలోని ఇళ్ళన్నిటినీ వరుసలో నిలబెడితే జూలూ ఇళ్ళే ఎక్కువ. నడిమి ఇల్లు మన ఇల్లు కానే కాదు, కొండ మీద మీలీ జొన్న పండించుకునే ఆఫ్రికను ఇల్లు.

ఆ ఇంటి రాబడిని ఎవరూ వ్రాయలేదు. పన్నును మాత్రం వ్రాశారు. 1849లో గుడిసెకు 7 షిల్లింగులు, 1875లో 14 షిల్లింగులు. పెళ్ళానికొక గుడిసె కనుక, ఇద్దరు భార్యలున్న ఇంటికి రెండు పన్నులు. 1905లో పెళ్ళికాని మగవారి తల మీద ఒక పౌను పన్ను వేశారు. 1906లో బంబాతా తిరుగుబాటు వచ్చింది. మన 3 పౌన్ల పన్నుకు, వారి తల పన్నుకు కారణం ఒకటే: పొలంలో నిలబడి తన తిండి తాను పండించుకునే మనిషిని నగదు జీతానికి తోలడం. ఒకే కౌంటీలో, ఏడేళ్ళ తేడాతో, రెండు జాతులు పన్ను మీద తిరగబడ్డాయి. రెండు కథలనూ మనం రెండు వేరు వేరు పుస్తకాలలో చదువుకున్నాము. ఆ ఇంటి మీలీలకు, పశువులకు వెల కట్టకుండా దాని రాబడి సున్న అనడం ఎంత తప్పో, మన బరాకు రేషనుకు వెల కట్టకపోవడమూ అంతే తప్పు. గ్రౌట్‌విల్‌లో ఆఫ్రికన్లు స్వంతంగా చెరకు వేసేవారు. 1936 నుంచి అక్కడ ముఖ్యుడుగా ఉండి, తరువాత నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆల్బర్ట్ లుటూలీ గారు కూడా చెరకు రైతే. కొండ మీద అందరిదీ ఒకే రాబడి అనుకోవడానికి కూడా వీలులేదు.

అప్పటి నుంచి నేను రెండు వరుసలు పెట్టుకున్నాను. ఒకటి కౌంటీ మొత్తానికి. రెండవది మన భారతీయుల ఇళ్ళకు మాత్రం. మొదటి వరుసలో 1996 దాకా ఊహలే ఎక్కువ. ఎందుకంటే న్‌డ్వెడ్వే వంటి చోట్లను క్వాజూలూ అని వేరు చేసి లెక్కించారు. అన్ని జాతుల ఇళ్ళనూ ఒకే దేశంగా, ఒకే పత్రంతో అడిగినది 1996 లెక్కలలోనే. రెండవ వరుసలో మాత్రం కొంత గట్టి నేల దొరుకుతుంది.

గిర్మిట్ తీరినవారు ఏమి చేశారు? కొందరు మిల్లుకు, కొందరు రైల్వేకు, కొందరు ఎకరం రెండెకరాలు కౌలుకు తీసుకొని కూరగాయలకు దిగారు. మా తాత ఒక చెరకు మిల్లులో చేరాడు. ఆ మిల్లు పేరు చెప్పను. చేయి యంత్రంలో నలిగి ఆరు వారాలు ఇంట ఉంటే ఆరు వారాల జీతం ఇవ్వని మిల్లు అది. 1930 ప్రాంతంలో తాత జీతం నెలకు 3 పౌన్లని మా నాన్నగారు చెప్పేవారు. పుస్తకాలలో ఆ కాలపు ఇంటి రాబడి కట్టేవారు ఏమి చేస్తారంటే, మిల్లులో ఇంతమంది, తోటలో ఇంతమంది, ఒక్కొక్కరికి ఇంత జీతం అని గుణించి, వరుస పెట్టి, నడిమిది తీస్తారు. ఆ లెక్కలో మా ఇల్లు 3 పౌన్ల ఇల్లు.

కాని మా ఇంట్లో అవ్వ ఉన్నది. ఇంటి వెనక ముప్పావు ఎకరంలో వంకాయ, బీన్సు, తోటకూర, కొత్తిమీర, అమడుంబి దుంపలు వేసేది. శుక్రవారం రాత్రి కోసి తడిగుడ్డ కప్పి, శనివారం తెల్లవారుజామున రైలెక్కి డర్బన్ పోయేది. 1934లో వార్విక్ అవెన్యూ దగ్గర ఉదయపు మార్కెట్టు కట్టిన తరువాత అక్కడ నేల మీద గోనె పరచుకొని కూర్చునేది. రైలు చార్జీ పోగా వారానికి 5 షిల్లింగులు మిగిలేవట. ఏడాదికి యాభై రెండు వారాలు, పన్నెండు నెలలు. నెలకు 21 షిల్లింగుల 8 పెన్నీలు. తాత 60 షిల్లింగులు, అవ్వ దాదాపు 22. ఇంటి రాబడిలో నాలుగవ వంతుకు పైగా అవ్వ బుట్టదే. ఇంట్లో తిన్న కూర దీనిలో లేదు. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు ఆమె పని ఏమిటని అడిగితే "ఇంటి పని" అని తాతే చెప్పాడట. ఆ మాటను నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. అవ్వ నవ్వేది కాదు.

ఆమెకు చదువు రాదు. వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీతలు గీసుకునేది. నిలువు గీత షిల్లింగు, అడ్డగీత ఐదు షిల్లింగులు, చుక్క కొట్టువాడికి బాకీ. నేను పదేళ్ళ పిల్లగా ఆ తలుపును చూశాను. తుడుస్తూ గీస్తూ ఉండే పలక అనుకున్నాను కాని, పై భాగం ఎన్నడూ తుడవలేదు. అది సంవత్సరాల మొత్తం అని ఇప్పుడు అనుకుంటున్నాను. 1987 సెప్టెంబరు వరదలలో ఆ పాత ఇంటితో పాటు తలుపు కూడా పోయినది. అటువంటి తలుపులు, బుట్టలు ఆ కాలంలో ఎన్ని ఇళ్ళలో ఉండేవో మన ఊళ్ళ ముసలివారిని అడిగితే తెలుస్తుంది. అన్నిటినీ వదిలేసి కట్టిన నడిమి రాబడి మగవారి జీతాల పట్టీయే గాని ఇళ్ళ రాబడి కాదు.

ఇంకొక చిక్కు ఉమ్మడి కుటుంబం. ఒక ఉదాహరణ తీసుకుందాము. తండ్రి, ఇద్దరు పెళ్ళయిన కొడుకులు, ముగ్గురికీ నెలకు 4 పౌన్లు. ఒకే వంటిల్లు అయితే అది 12 పౌన్ల ఇల్లు. కొడుకులు వేరుపడితే మూడు 4 పౌన్ల ఇళ్ళు. ఎవరి జీతమూ తగ్గలేదు, నడిమి రాబడి మాత్రం కూలిపోయినది. 1950ల నుంచి 1980ల దాకా మన ఇళ్ళు వేరుపడిన కాలం. జీతాలు పెరుగుతున్నా ఇంటి రాబడి అంతగా పెరిగినట్లు కనిపించకపోతే దానికి ఇదొక కారణం. అందుకే తలకు ఎంత అని కూడా పక్కన కట్టుకోవాలి. గేవిన్ మాస్‌డోర్ప్ గారు టోంగాట్, వెరులం ప్రాంతపు భారతీయుల మీద ప్రత్యేకంగా సామాజిక ఆర్థిక పరిశీలన చేసి 1968లో నేటాల్ విశ్వవిద్యాలయం తరఫున పుస్తకం తెచ్చారు. మన కౌంటీ మీద ఆసక్తి ఉన్నవారు ముందుగా ఆ పుస్తకం చూడాలి. మనవారు ఎవరూ అటువంటి పని చేయకముందే ఆయన చేశారు.

ఆ తరువాత ఎల్లలు మారిపోయాయి. విక్టోరియా కౌంటీ అనే పేరు పటాలలో నుంచే పోయినది. ప్రజలు కూడా మారారు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్ నగరంలో నుంచి మనవారిని లేవగొట్టింది. 1976 నుంచి చెరకు తోటల స్థానంలో ఫీనిక్స్ టౌన్‌షిప్ లేచింది. 1904లో గాంధీగారు నూరు ఎకరాలలో ఆశ్రమం పెట్టిన ఫీనిక్స్ పక్కనే. నగరంలో ఇల్లు పోగొట్టుకున్న గుమాస్తా, దర్జీ, ఫ్యాక్టరీ కార్మికుడు అక్కడకు వచ్చి చేరారు. వారి జీతాలు తోట కూలి కంటె ఎక్కువ. కాబట్టి కౌంటీలో భారతీయుల నడిమి రాబడి పెరిగినట్లు అంకె చూపుతుంది. కాని మిల్లు బరాకులో ఉన్న ఇంటికి ఒక్క సెంటు కూడా పెరగనక్కరలేదు. వేరే తరగతి నుంచి పొడుగు పిల్లలు వచ్చి వరుసలో నిలబడితే మన తరగతి పిల్లలు ఎదిగినట్లు కాదు కదా. 2000లో వెరులం, టోంగాట్, ఫీనిక్స్ డర్బన్‌తో కలిసి ఎతెక్విని నగరపాలికలో చేరాయి. స్టాంగర్ వైపు క్వాడుకుజా అయినది. ఇప్పుడు పాత కౌంటీకి లెక్క కావాలంటే చిన్న చిన్న వార్డుల అంకెలు తీసి, పాత ఎల్ల ప్రకారం మళ్ళీ కుట్టుకోవాలి. చిరిగిన దుప్పటి కుట్టినట్లే ఉంటుంది.

ఆ వార్డుల అంకెలు కూడా సూటిగా ఉండవు. 2001, 2011 లెక్కలలో రాబడిని తరగతులుగా ఇచ్చారు. 2011లో అయితే ఏమీ లేదు, 1 నుంచి 4,800, తరువాత 9,600 వరకు, 19,600 వరకు, 38,200 వరకు, 76,400 వరకు, ఇలా ప్రతి మెట్టూ సుమారు రెట్టింపు. నడిమి ఇల్లు ఏ మెట్టు మీద ఉందో తెలుస్తుంది గాని, మెట్టులో ఎక్కడ ఉందో తెలియదు. లెక్క ఎలా కడతారో ఊహ అంకెలతో చూపుతాను. ఒక వాడలో 100 ఇళ్ళు. 19,600 లోపు ఉన్నవి 42. 19,601 నుంచి 38,200 మెట్టులో 20. యాభైయవ ఇల్లు కావాలంటే ఆ ఇరవైలో ఎనిమిదవది. ఇరవైలో ఎనిమిది అంటే ఐదింట రెండు వంతులు. మెట్టు వెడల్పు 18,600. దానిలో ఐదింట రెండు వంతులు 7,440. కలిపితే 27,040 రాండ్లు. ఇక ఏమీ రాబడి లేదన్న ఇళ్ళున్నాయి. అవి నిజంగా లేనివా, చెప్పనివా? వాటిని వరుస మొదట నిలబెడితే ఒక జవాబు, వరుసలో నుంచి తీసివేస్తే వేరొక జవాబు. నేను నిలబెట్టే ఉంచాను. ఏమీ లేదని చెప్పే ఇంట్లో తరచుగా ముసలివారి పెన్షను ఉంటుందని తెలిసి కూడా.

పెన్షను సంగతి ఒక్క మాటలో చెప్పలేము. 1944లో గాని భారతీయులకు, ఆఫ్రికన్లకు ముసలితనపు పెన్షను రాలేదు. వచ్చినా జాతికొక రేటు. తెల్లవారికి ఎక్కువ, మనకు తక్కువ, ఆఫ్రికన్లకు మరీ తక్కువ. 1993లో గాని అందరికీ సమానం కాలేదు. 1998 నుంచి పిల్లల పోషణ గ్రాంటు కూడా తోడైనది. న్‌డ్వెడ్వే కొండలలో ఒక ముసలమ్మ పెన్షను మీద కొడుకు, కోడలు, నలుగురు మనుమలు బ్రతికే ఇళ్ళను నేను స్వయంగా చూశాను. కౌంటీ మొత్తం వరుసలో నడిమికి దగ్గరగా ఉన్నవి ఆ ఇళ్ళే.

చివరగా ధరలు. 1890 షిల్లింగును 2011 రాండుతో పోల్చడానికి బియ్యపు బస్తాను కొలతగా పెట్టుకుందామని మొదట అనుకున్నాను. ఒక బస్తాకు ఎన్ని రోజుల కూలి అని. యుద్ధకాలం వచ్చేసరికి ఆ కొలత విరిగిపోయినది. 1942లో బర్మా జపాను చేతికి పోగానే ఇక్కడ బియ్యం దొరకలేదు. దొరకని సరుకుకు ధర ఏమిటి? మనవారు మీలీ రవ్వను అన్నంలాగ వండుకొని తిన్నారు. నాన్నగారికి ముసలితనంలో కూడా ఆ వాసన పడేది కాదు. కాబట్టి బియ్యం ఒక్కటే కాక బట్ట, కిరోసిను, రైలు చార్జీ కలిపి కొలవాలి. అప్పుడు కూడా 2001లో భారతీయుల ఇళ్ళ సగటు 102,606 రాండ్లుగా ఉండి 2011లో 251,541 అయినదంటే, ఆ పెరుగుదలలో ఎంత భాగం ధరలదో తీసివేసిన తరువాతే మిగిలినది మనది.

ఇంత చేసి నేను గీసిన గీత ఇలా ఉంది. మన భారతీయుల వరుసలో నడిమి ఇల్లు గిర్మిట్ నుంచి బయటపడిన మొదటి తరంలో దాదాపు కదలలేదు. 1901 నుంచి 1914 వరకు పన్ను చెల్లించినవారికి క్రిందికే పోయినది. తరువాత మెల్లగా లేచింది. లేచినది జీతం వల్ల కొంత, బుట్ట వల్ల కొంత, పిల్లలు బడి మానకుండా చదివి గుమాస్తాలు, టీచర్లు అయినందువల్ల కొంత. 1970 తరువాత గాని గీత నిజంగా నిటారుగా లేవలేదు. అది కూడా కొంత భాగం ఇళ్ళు పోగొట్టుకొని వచ్చినవారి జీతాలే. కౌంటీ మొత్తం వరుసలో నడిమి ఇల్లు అంత ఎత్తుకు ఎక్కలేదు. సభలో చెప్పడానికి ఇది బాగుండదని ఒక మిత్రురాలు అన్నది. నిజమే, చప్పట్లు రావు.

నా గీతలో 1914 నుంచి 1945 వరకు చుక్కలే ఉన్నాయి, గీత లేదు. ఆ చుక్కలను కలపడానికి పద్దులు కావాలి. మీ ఇళ్ళలో పాత పెట్టెల అడుగున ఎస్టేటు కొట్టు బాకీ పుస్తకం, మిల్లు జీతపు చీటీ, కౌలు రసీదు, మార్కెట్టు పట్టీ ఏమైనా ఉంటే పారవేయకండి. చెదలు తిన్నవైనా ఫరవాలేదు. తెలుగులో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఉత్త గీతలూ చుక్కలే ఉన్నా సరే, సభ కార్యాలయంలో నా పేరిట ఇస్తే నకలు వ్రాసుకొని వారం లోపల తిరిగి అప్పగిస్తాను.